మా తరవాత ఎవరు?



"మాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపొమ్మని దేవుడికి మొక్కుకుంటున్నానండీ." మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లులు ఈ మాట అంటారు. అందరూ అనరు, అన్నవాళ్ళూ నలుగురిలో అనరు. ప్రత్యేక పాఠశాలల్లో తల్లిదండ్రులతో మాట్లాడటమే ఉద్యోగంగా గడిపినదాన్ని కాబట్టి నాకీ మాట కొత్త కాదు. వినగానే "ఛ, అలా అనకూడదమ్మా" అంటాం. అనకూడదని ఆవిడకు మాత్రం తెలియదా? తాను పోయిన మర్నాడు పొద్దున్న వాడికి పళ్ళు ఎవరు తోముతారో ఆవిడకు తెలియదు. అది తెలిసిన రోజున ఆ మొక్కు మానేస్తుంది. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఆ మర్నాటి పొద్దు గురించే.

పూర్వం ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఉండేది కాదు. అందుకు కారణం సంతోషించదగ్గదేమీ కాదు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఆపరేషన్లు లేని రోజుల్లో చాలామంది పసితనంలోనే పోయేవారు. ఫిట్స్‌తో కొందరు, న్యుమోనియాతో కొందరు. ఇప్పుడు మందులున్నాయి, ఆపరేషన్లున్నాయి. ఆ పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, యాభై దాటుతున్నారు. ఎనభై ఏళ్ళ తల్లి వణుకుతున్న చేత్తో యాభై ఏళ్ళ కొడుక్కి అన్నం కలిపి పెట్టే ఇళ్ళు మన ఊళ్ళలో ఉన్నాయి. ఆ ఇంట్లో సాయం కావలసినవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరు.

సరే, ఏర్పాటు ఏమిటీ అని అడగండి. మనవాళ్ళు వెంటనే ఒక పేరు చెబుతారు. వాళ్ళన్నయ్య ఉన్నాడు. మేనమామ ఉన్నాడు. ఫలానా ఊళ్ళో ఆశ్రమం ఉందట. ఒక పేరు చెప్పేసి ఊపిరి పీల్చుకుంటారు. నేను చెప్పదలచుకున్నదల్లా ఒక్కటే: ఒక్క పేరు చాలదు. పిల్లవాడు ఏ కప్పు కింద ఉంటాడు, పగలూ రాత్రీ పక్కన ఎవరుంటారు, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, వీళ్ళంతా సరిగ్గా చూస్తున్నారో లేదో కనుక్కునేది ఎవరు? ఇవి వేరువేరు ప్రశ్నలు. వీటన్నిటికీ జవాబు ఒకే మనిషి అయితే, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే, అది ఒంటిస్తంభం మేడ. ఆ మనిషికి జబ్బు చేయవచ్చు, బదిలీ కావచ్చు, బుద్ధి మారవచ్చు.

అన్నయ్య సంగతే చూద్దాం. చాలా ఇళ్ళలో ఆ అబ్బాయికి ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికే తీర్పు అయిపోతుంది. "నువ్వేగా రా తమ్ముణ్ణి చూసుకోవాలి" అంటారు చుట్టాలు. వాడు తలూపుతాడు. ఆ వయసులో ఎవరైనా తలూపుతారు. తరవాత వాడికి ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది, బెంగుళూరో డాలసో వెళ్తాడు. అప్పటికీ ఆ తలూపడమే ఇంట్లో ఉన్న ఏకైక ఒప్పందం. కోడల్ని ఎవరూ అడగరు. సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి తమ్ముడున్నాడని చెబుతారు గానీ, మా తరవాత అతను మీ ఇంట్లోనే ఉంటాడని చెప్పరు. ఆ సంగతి తెలిసే రోజున మాట్లాడుకునే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంట్లో పెద్దకర్మ జరుగుతూ ఉంటుంది.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ చూడరని కాదు. ఎంతో ప్రేమగా చూసేవాళ్ళను ఎరుగుదును. కానీ వాళ్ళకు వేరే పని బాగా నప్పుతుంది. పళ్ళు తోమి స్నానం చేయించడానికి జీతం తీసుకునే మనిషిని పెట్టుకోవచ్చు. ఆ మనిషి సరిగ్గా చేస్తోందా అని నెలకోసారి వచ్చి చూసేందుకు, డాక్టరు దగ్గర నిలబడి ప్రశ్నలు అడిగేందుకు, పండక్కి ఇంటికి తీసుకెళ్ళేందుకు తోబుట్టువును మించినవాళ్ళు దొరకరు. ఉన్న ఒక్క తోబుట్టువునూ ఆయా పనిలో పెట్టేస్తే, ఇక పైనుంచి చూసేవాళ్ళంటూ ఎవరూ మిగలరు.

ఆస్తి దగ్గర పొరపాట్లు ఇంకా పెద్దవి. "పొలం మొత్తం పెద్దవాడి పేరే రాసేశామండీ, తమ్ముణ్ణి చూసుకుంటానన్నాడు" అంటారు. రిజిస్ట్రారు ఆఫీసులో రాసుకున్న కాగితం తీసి చదివితే, అందులో తమ్ముడి ప్రస్తావనే ఉండదు. ప్రేమతో ఇస్తున్నాం అని ఉంటుంది, సర్వహక్కులూ అని ఉంటుంది, సరిహద్దులు నాలుగు దిక్కులా ఉంటాయి. తమ్ముడు మాత్రం ఉండడు. ఇంకొందరు దీనికి తలకిందులుగా, ప్రేమకొద్దీ ఇల్లు ఆ పిల్లవాడి పేరే పెడతారు. పద్దెనిమిది దాటిన ఆ పిల్లవాడికి సంతకం విలువ తెలియదు. రేపు ఆ ఇంటి కప్పు బాగుచేయించడానికి అప్పు కావాలన్నా, అద్దెకివ్వాలన్నా బ్యాంకు మేనేజరు మొదలు అందరూ అడిగేది ఒకటే: గార్డియన్ ఎవరు?

ఇక్కడ చాలామంది తండ్రులు ఆశ్చర్యపోతారు. "నేనేగా, కన్నతండ్రిని" అంటారు. పిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండేదాకా మీరే. నిండిన రోజు నుంచి చట్టం కంటికి అతను మేజరు. కన్నతండ్రి అయినా సరే, తన కొడుక్కి గార్డియన్‌గా నియమించమని అడగాల్సిందే.

అడగవలసిన చోటు కోర్టు కాదు. అదే ఇందులో ఊరట. 1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్ట్ చట్టం చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికీ అది వర్తిస్తుంది. తల్లిదండ్రులు పోయాక ఈ పిల్లల సంరక్షణకు ఏర్పాట్లు జరగాలన్నది ఆ చట్టం చెప్పుకున్న ఉద్దేశాల్లో ఒకటి. దాని ప్రకారం ప్రతి జిల్లాలోనూ స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. అందులో జిల్లా కలెక్టరు, ఈ రంగంలో పనిచేసే నమోదైన సంస్థ నుంచి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు ఉంటారు. తల్లిదండ్రులు గానీ, బంధువులు గానీ ఆ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అడిగారు కదా అని కమిటీ ముద్ర వేసి ఇచ్చేయకూడదు. అసలు ఈ వ్యక్తికి గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అని చూడాలి. కొందరు డబ్బు లెక్క చూసుకోలేరు గానీ ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో స్పష్టంగా చెప్పగలరు. వాళ్ళ బతుకంతా తీసి ఇంకొకరి చేతిలో పెట్టడం ఎందుకు? 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కూడా పరిమిత సంరక్షకత్వం అని, గార్డియనూ ఆ వ్యక్తీ ఇద్దరూ కలిసి నిర్ణయాలు తీసుకోవాలని చెబుతుంది. ఆ చట్టమే ఇంకోమాట కూడా అంటుంది: వైకల్యం ఉన్న మనిషికి జనం మధ్య బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండి తీరాలని ఎవరూ నిర్బంధించకూడదు.

గార్డియన్‌గా నియమితులైనవాళ్ళు ఆరు నెలల్లోపు ఆ వ్యక్తికి ఉన్న ఆస్తిపాస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటేటా లెక్కలు చూపించాలి. నిర్లక్ష్యం చేసినా, డబ్బు కాజేసినా ఆ గార్డియన్‌ని తీసేయమని తల్లిదండ్రులో, బంధువులో, నమోదైన సంస్థో కమిటీని అడగవచ్చు. చూసేవాళ్ళను చూసేవాళ్ళుండాలని ఇందాక అన్నాను కదా, దానికి చట్టం ఇచ్చిన రూపం ఇదే. కాగితం మీద ఎంతో బాగుంటుంది. అన్ని జిల్లాల్లోనూ ఆ కమిటీ ఒకే చురుకుతో కూర్చుంటుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. తల్లిదండ్రులు నలుగురు కలిసి అడిగిన చోట కూర్చుంటుంది. తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 1995లో 'పరివార్' అనే జాతీయ సమాఖ్యగా ఏర్పడింది ఇలాంటి పనులకే.

విదేశాల్లో అన్నలూ అక్కలూ ఉన్న కుటుంబాలకు ఒక హెచ్చరిక. నేషనల్ ట్రస్ట్ నిబంధనల ప్రకారం గార్డియన్ భారత పౌరుడై ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య ఎంత ప్రేమించినా ఆ కాగితం మీద అతని పేరు ఎక్కదు. అతను డబ్బు పంపగలడు, వీడియో కాల్‌లో రోజూ మాట్లాడగలడు, కుటుంబం పెట్టుకునే ట్రస్టుకు అండగా ఉండగలడు. సంతకం పెట్టే మనిషిని ఇక్కడే వెతుక్కోవాలి. ఇంకో సంగతి, పద్దెనిమిది దాటిన వాళ్ళకు ఫలానావాళ్ళు గార్డియన్ అని వీలునామాలో రాసేసి ఊరుకుంటే సరిపోదు. మీ కోరిక ఏమిటో కమిటీకి తెలుస్తుంది, నియమించేది మాత్రం కమిటీయే. కాబట్టి మీరిద్దరూ ఉండగానే, మీ తరవాత దరఖాస్తు పెట్టుకోబోయే మనిషితో మాట్లాడి, కాగితాలన్నీ ఎక్కడున్నాయో చూపించి పెట్టండి.

మరి స్కిజోఫ్రీనియా లాంటి మానసిక వ్యాధులున్నవాళ్ళ సంగతేమిటని అడగబోతున్నారు. వాళ్ళకు నేషనల్ ట్రస్ట్ చట్టం వర్తించదు. వాళ్ళకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఉండే హాఫ్‌వే హోములు, తోడుతో కూడిన నివాసాలు ప్రభుత్వం కల్పించాలని ఆ చట్టం చెబుతుంది. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ, ఏళ్ళ తరబడి ఆస్పత్రుల్లోనే ఉండిపోయినవాళ్ళను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో మామూలు ఇళ్ళలో ఉంచి, పక్కన ఒక సహాయకురాలిని పెట్టి చూపించింది. 'హోమ్ అగైన్' అని దాని పేరు. అది వేరే ప్రసంగానికి తగ్గ విషయం.

ఇక కప్పు సంగతి. ఎక్కడ ఉంచాలి?

కుదిరితే ఉన్న ఇంట్లోనే. అలవాటైన గోడలు, తెలిసిన కిరాణా కొట్టు, వీధిలో పలకరించే మనుషులు. వీటి విలువ మాటలు తక్కువగా ఉన్న మనిషికి మనకంటే ఎక్కువ. తల్లిదండ్రులు పోయాక కూడా అదే ఇంట్లో, జీతానికి కుదిరిన సహాయకుడితో ఉండేవాళ్ళున్నారు. ఆ ఇంట్లో ఇంకొక గది అలాంటి మరో పిల్లవాడికి ఇస్తే, ఇద్దరి ఖర్చుతో ఒక మంచి మనిషిని పెట్టుకోవచ్చు. కానీ నాలుగు గోడల మధ్య ఒక్క సహాయకుడే, అడిగేవాళ్ళెవరూ రారు అంటే అది ప్రమాదం. ఎదురింటివాళ్ళు ఏ వేళైనా తలుపు తట్టగలిగేలా ఉండాలి.

గ్రూప్ హోమ్ అనేది ఇంకో దారి. సికింద్రాబాదులో 1991లో మొదలైన స్వయంకృషి సంస్థ మేధో వైకల్యం ఉన్న మహిళలకు ఇలాంటి ఇళ్ళు నడుపుతూ వచ్చింది. నేషనల్ ట్రస్టు కూడా 'ఘరౌందా' అని పెద్దవాళ్ళకు గ్రూప్ హోమ్ పథకం, 'సమర్థ్' అని తాత్కాలిక బసకూ నివాసానికీ ఇంకో పథకం ప్రవేశపెట్టింది. గ్రూప్ హోమ్ అంటే ఏమిటో ఒక పొద్దు చూస్తే తెలుస్తుంది. ఆరుగురు ఆడవాళ్ళున్న ఇల్లనుకోండి. ఒకావిడ బియ్యం కడుగుతుంది, నీళ్ళు తేరేదాకా లెక్కపెట్టుకుంటూ మూడుసార్లు. ఒకావిడకు కత్తి ఇవ్వరు, బీరకాయ పొట్టు తీసే పని ఆవిడది. ఒకావిడ ఏ పనీ చెయ్యలేదు, చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని పాలు పొంగుతున్నప్పుడు అరుస్తుంది. ఆ అరుపే ఆవిడ వాటా. గోడకు ఒక కాగితం, ఈ వారం ఎవరు ఏం చెయ్యాలో బొమ్మలతో. వార్డెన్ కనిపించరు, తోడుగా ఒక అక్క ఉంటుంది, ఆ అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ చేతులు కట్టుకోవడం చాలా కష్టమైన పని. బియ్యం తనే కడిగేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, అది తెలిసీ ఆగాలి.

పెద్ద హాస్టలు లాంటి సంస్థలూ ఉన్నాయి. కొన్ని ఎంతో శుభ్రంగా, దయగా నడుస్తాయి. ఎక్కువ సాయం అవసరమైనవాళ్ళకు, రాత్రి నర్సు ఉండవలసినవాళ్ళకు అవే గతి కావచ్చు. అక్కడికి వెళ్ళినప్పుడు మీకు ముందుగా చూపించేది దేవుడి గది, కంప్యూటర్ గది, దాతల ఫోటోలు. అవి చూసి వచ్చేయకండి. స్నానాల గదికి వెళ్ళండి. తలుపుకు లోపల గడియ ఉందా? అందరికీ ఒకటే తువ్వాలా? బట్టలు ఎవరివి వారికున్నాయా, ఉతికాక వచ్చినవి ఎవరికి దొరికినవి వారు వేసుకుంటున్నారా? మందుల డబ్బాల మీద పేర్లున్నాయా? సాయంత్రం ఆరు గంటలకే అందరూ ఎందుకు పడుకుని ఉన్నారు? ఎవరినైనా ఎక్కడైనా కట్టి ఉంచారా? చెప్పకుండా రెండోసారి వెళ్ళండి, భోజనం వేళకు. "ముందు ఫోన్ చేసి రావాలండీ" అని గేటు దగ్గరే ఆపేస్తే, మీరు చూడవలసింది చూసినట్టే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నమోదు పత్రం అడగండి. వైకల్యం ఉన్నవాళ్ళకు నివాసం నడిపే ఏ సంస్థ అయినా 2016 చట్టం కింద నమోదు కావలసిందే.

ఇంత అనుమానం ఎందుకంటారా? తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారకముందే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన 'హోమ్' అది. గొలుసులు తెంచుకోలేక 28 మంది చనిపోయారు. వాళ్ళను అక్కడ దింపి వెళ్ళింది కుటుంబాలే. చాలామంది నమ్మకంతోనే దింపి ఉంటారు.

డబ్బు గురించి త్వరగా చెప్పుకుందాం. కలం దగ్గరుంటే రాసుకోండి. అన్నిటికీ మూలం వైకల్య ధ్రువపత్రం, మన రాష్ట్రాల్లో సదరం సర్టిఫికెట్ అంటూ వచ్చింది దీన్నే. అది లేకపోతే ఏ తలుపూ తెరుచుకోదు. పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగులకు 6000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15000. తెలంగాణలో 4016. నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వస్తుంది, ముందు వైద్య పరీక్షలు అడగరు, వయసు పరిమితి లేదు, థెరపీల ఖర్చు కూడా అందులో ఉంది. తల్లి గానీ తండ్రి గానీ పాత పింఛను విధానంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని స్థితిలో ఉన్న బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పింఛను వస్తుంది. ఆ బిడ్డ పేరు మీరుండగానే పింఛను కాగితాల్లో ఎక్కించవచ్చు. మీరు పోయాక ఎక్కించుకోమని ఆ బిడ్డను ఆఫీసుల చుట్టూ తిప్పడం భావ్యం కాదు. ప్రైవేటు ఉద్యోగులు అనుకోవద్దు మాకేముందని. ఈపీఎఫ్ వారి 1995 పింఛను పథకంలో, పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న కొడుక్కో కూతురికో వయసుతో పనిలేకుండా పింఛను ఇచ్చే వీలుంది.

కాస్త ఆస్తి ఉన్నవాళ్ళు ట్రస్టు గురించి ఆలోచించాలి. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం కింద కుటుంబం ప్రైవేటు ట్రస్టు పెట్టుకోవచ్చు. ఇల్లూ డబ్బూ ట్రస్టు పేర ఉంటాయి, లాభం బిడ్డది. ఇద్దరు ముగ్గురు ట్రస్టీలుంటారు, ఒకరు తప్పుకుంటే ఇంకొకరిని ఎలా తెచ్చుకోవాలో అందులోనే రాసి ఉంటుంది. స్థిరాస్తి పెడితే రిజిస్టరు చేయించాలి. నా సలహా ఒకటుంది, లాయర్లు దీన్ని అంత పట్టించుకోరు: పిల్లవాణ్ణి దగ్గరుంచుకునే మనిషి ట్రస్టీల్లో ఒకరు కావచ్చు గానీ, చెక్కు మీద సంతకం ఆ ఒక్కరిదే కాకూడదు. బిడ్డ పోయాక మిగిలింది ఎవరికి చెందాలో కూడా జాగ్రత్తగా రాయండి. అది చూసుకుంటున్న మనిషికే చెందుతుందంటే, బిడ్డకు ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ వాళ్ళకు తమ జేబులోంచి పోయినట్టే అనిపిస్తుంది. మనుషుల్ని అంత పరీక్షకు పెట్టకూడదు.

ఇవన్నీ కాగితాలు. ఏ ఆఫీసులోనూ దొరకని కాగితం ఒకటుంది, అది తల్లి రాయాలి. ఇరవై ఏళ్ళుగా ఆవిడ తలలో ఉన్నది మొత్తం ఒక నోటు పుస్తకంలోకి రావాలి.

ఒక తల్లి రాసినది నేను చదివాను. అందులో కొన్ని సంగతులు చెబుతాను. టీ స్టీలు గ్లాసులోనే తాగుతాడు, కప్పులో ఇస్తే పక్కన పెట్టేస్తాడు, వద్దని కాదు. కుక్కర్ మూడో కూత వచ్చే లోపల అవతలి గదిలోకి పంపాలి. ఫిట్స్ మాత్ర రాత్రి ఎనిమిదికి, పెరుగన్నంలో కలపకండి, కనిపెట్టి ఊసేస్తాడు. అరటిపండు ముక్కలో పెట్టండి. చెంప మీద తనే కొట్టుకుంటే కోపం అనుకోకండి, పన్ను నొప్పి. డాక్టర్లు రెండుసార్లు ప్రవర్తన బాగాలేదని మత్తు మందు రాశారు, రెండుసార్లూ పన్నే. మంగళవారం వాళ్ళ నాన్న ఫోటో దగ్గర పువ్వు పెడతాడు, పువ్వు లేకపోతే నిద్రపోడు. 'అంబులు' అంటే మంచినీళ్ళు. కొత్తవాళ్ళు గడ్డం గీస్తే భయపడతాడు, ముందు మీ చెంప మీద నురగ రాసుకుని చూపించండి.

ఆ పన్ను సంగతి ఇంకోసారి ఆలోచించండి. నోరు తిరగని మనిషి నొప్పిని ఒంటితో చెబుతాడు. ఆ భాష తెలిసినది లోకంలో ఒక్కరికే. ఆవిడతో పాటే అది పోతే, ఆ తరవాత వచ్చే ప్రతి నొప్పికీ మత్తు మందే జవాబవుతుంది. ఎంత మంచి హోమ్ అయినా, ఎంత ఫీజు కట్టినా అంతే. కాబట్టి రాయండి. రాయడం రాకపోతే ఎవరిచేతనైనా రాయించండి. సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి, స్నానం చేయించే పద్ధతి, అన్నం పెట్టే పద్ధతి. ప్రతి ఉగాదికీ ఒకసారి తిరగేసి దిద్దండి. మందులు మారతాయి, భయాలు మారతాయి.

ఇక చివరి సంగతి, ఎప్పుడు? మీ ఇద్దరికీ ఓపిక ఉన్నప్పుడే. తల్లి చనిపోయి, పదో రోజు అవగానే, ఇల్లు తాళం వేసి, ముప్ఫై అయిదేళ్ళ మనిషిని తీసుకెళ్ళి తెలియని మంచం మీద కూర్చోబెడితే ఏం జరుగుతుంది? ఒకేసారి అమ్మా పోయింది, ఇల్లూ పోయింది, వీధీ పోయింది. చావంటే ఏమిటో అతనికి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. అమ్మ ఊరెళ్ళిందని చెబుతారు, అతను గేటు దగ్గర నిలబడతాడు. అలా కాకుండా ఇరవై అయిదేళ్ళప్పుడే ఒక రాత్రి బయట పడుకోవడం అలవాటు చేయండి. పిన్నిగారింట్లో ఒక రాత్రి. తరవాత ఏదైనా మంచి హోమ్‌లో రెండు రోజులు, మీరు తీర్థయాత్రకు వెళ్ళినప్పుడు వారం. నచ్చకపోతే తిరిగి రావడానికి ఇల్లుంటుంది, ఏది నచ్చలేదో తెలుసుకోవడానికి మీరుంటారు. కొందరు తల్లులకు ఇది బిడ్డను వదిలించుకోవడంలా తోస్తుంది, చుట్టాలు మొహం మీదే అంటారు కూడా. ఆ చుట్టాలను ఒక వారం వచ్చి ఉండి చూసుకోమని అడగండి, ఆ మాట మళ్ళీ వినపడదు.

అతణ్ణి కూడా అడగండి. మాటల్లో చెప్పలేకపోవచ్చు. రెండు చోట్ల ఫోటోలు ముందు పెట్టండి, ఏది చేతిలోకి తీసుకుంటాడో చూడండి. వెళ్ళి వచ్చిన రోజు అన్నం సరిగ్గా తిన్నాడా, ఆ సంచీ మళ్ళీ సర్దుతుంటే చెప్పులు వేసుకున్నాడా, మంచం కింద దూరాడా? నేను ఎరిగిన ఒకమ్మాయి, ఇంట్లోవాళ్ళు ఎంతో ఇష్టపడి ఎంచిన ఏసీ గదిని కాదని, నలుగురు కలిసి పడుకునే చోటు చూపించింది. ఇంట్లో తనకు విడిగా గది ఇచ్చారు. పదిహేనేళ్ళుగా ఆ గదిలో ఒక్కతే ఉంది.

సోమవారం ఆఫీసులు తెరుస్తారు. కలెక్టరేట్‌కి వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల శాఖ, తెలంగాణలో దివ్యాంగుల సంక్షేమ శాఖ ఎక్కడుందో అడగండి. నేషనల్ ట్రస్ట్ స్థానిక స్థాయి కమిటీ ఈసారి ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి. "అలాంటిదేం లేదండీ" అని ఎవరైనా అంటే, 1999 చట్టం, పదమూడో సెక్షన్ అని చెప్పండి. బిడ్డ వైకల్య ధ్రువపత్రమూ, ఆధారూ, ఫోటోలూ జతచేసి దరఖాస్తు ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.